టైమ్‌షీట్‌లో దొంగ గంటలు రాశాడని ఉద్యోగం తీసేస్తున్నారు, నేను నోరు విప్పాలా?

షిఫ్టు సూపర్‌వైజర్:
నా షిఫ్టులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న మనిషికి నిన్న షోకాజ్ నోటీసు ఇచ్చారు. టైమ్‌షీట్‌లో రోజూ 8 గంటలు రాశాడు. గేటు రికార్డు చూస్తే 11 రోజులు గంట ముందే బయటికెళ్లినట్టుంది. చేయని గంటలకు జీతం తీసుకున్నాడన్నది అభియోగం. రుజువైతే డిస్మిస్ చేస్తారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. "లోడు దించడం అయిపోతే ఉండక్కర్లేదు, వెళ్లిపోండి" అని చెప్పింది నేనే. నోటిమాటగా. ఆ షీట్ల మీద వారం వారం సంతకం పెట్టిందీ నేనే. ఆయన ఇంతవరకూ నా పేరు ఎత్తలేదు. చెబితే నా ఉద్యోగానికీ ముప్పే. ఏం చేయమంటారు?

హెచ్‌ఆర్‌లో పనిచేసినవాణ్ణి:
చెప్పండి, అదీ రాతపూర్వకంగా. గంటలు తక్కువయ్యాయా అన్నది రికార్డే చెబుతుంది. మోసం చేద్దామనే రాశాడా అన్నది విచారణలో తేలాలి. అనుమతి ఉందని నమ్మి రాసినవాడికీ, లేదని తెలిసి దాచినవాడికీ ఒకే శిక్ష వేయకూడదు. ఆ తేడా చెప్పగలిగింది మీరొక్కరే. ప్రవర్తన కారణంగా తొలగించే ముందు, ఆరోపణకు జవాబిచ్చుకునే అవకాశం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982 నాటి 158వ ఒప్పందంలోనూ ఉంది. మీరు మాట్లాడకపోతే ఆయన జవాబు సగమే. మిగతావాళ్లూ అలాగే వెళ్లేవారా? అయితే అదీ రాయండి.

గోదాము ఉద్యోగి:
ముందు ఒకటి చూసుకోండి. ఆ 11 రోజుల్లో ఓవర్‌టైమ్ ఏమైనా రాశాడా? మీరు వెళ్లమంటే వెళ్లడం వేరు, లేని గంటలకు అదనపు డబ్బు రాసుకోవడం వేరు. తెలియకుండా వెనకేసుకొస్తే ఆ తొమ్మిదేళ్ల మనిషి గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

షిఫ్టు సూపర్‌వైజర్:
చూశాను. 2 రోజులు గంటన్నర చొప్పున ఓవర్‌టైమ్ ఉంది. దాని మీదా నా సంతకమే, చదవకుండా పెట్టాను. ఫోన్ చేసి అడిగితే "అవి తప్పేనండీ" అన్నాడు, ఇంకేం చెప్పలేదు.

9 రోజులు నా మాట మీదే వెళ్లాడనీ, ఆ 2 రోజుల సంగతి నాకు తెలియదనీ, చూడకుండా సంతకాలు పెట్టాననీ రాసి సాయంత్రం విచారణాధికారికి ఇచ్చాను. మిగతావాళ్లూ ముందే వెళ్లేవారని రాశాను కానీ పేర్లు రాయలేదు. గురువారం నన్ను పిలిచారు. పేర్లు అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.