అప్‌డేట్: నెలకో చెట్టు ప్రాజెక్ట్ ఏమైందంటే

పోయిన వారం అడిగాను కదా, మా పాప స్కూల్ ప్రాజెక్ట్‌కి పన్నెండు తెలుగు నెలలకీ ఒక్కో చెట్టు కావాలి, కార్తీకానికి ఉసిరి తప్ప నాకేదీ తట్టట్లేదని. మీరిచ్చిన రెండు జాబితాలకీ పొంతన లేక రెండ్రోజులు ఒకటే టెన్షన్.

తీరా చూస్తే అవి రెండు వేరు లెక్కలు. పౌర్ణమికి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరుంటాడో దాన్నిబట్టే నెలకి పేరు, ఒక్కో నక్షత్రానికీ ఒక చెట్టు చెబుతారు కాబట్టి ఆ లెక్కన కార్తీకానికి మేడి, పుష్యానికి రావి, మాఘానికి మర్రి. ఉసిరేమో పండగల లెక్క, దాని కింద వనభోజనాలు చేస్తాం కాబట్టి. మేం పండగలే పట్టుకున్నాం. చైత్రానికి ఉగాది పచ్చడిలో వేపపువ్వు, ఆషాఢానికి గోరింట (చెట్టేనా అని పాప గొడవ, సరేలే అన్నాను).

ఆశ్వయుజానికి జమ్మి. అజ్ఞాతవాసానికి వెళ్లేముందు పాండవులు ఆయుధాలు మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచారు, జనం దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. పాపకి ఆ శవం ముక్క తెగ నచ్చేసింది, అట్ట మీద అదే పెద్దగా గీసింది! తెలంగాణలో దసరా రోజు ఆ ఆకుల్ని బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెడతారు, అదీ రాయించాను.

భాద్రపదం దగ్గర చిక్కు, వినాయకుడికి 21 పత్రులాయె. మారేడు రాసేశాం.