యెస్ వాళ్ల ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’: స్టేజీ మీద ఆ ‘ఢాం’ ఎట్ట తెప్పించాల?

కావలి_బీట్స్:
అన్నలూ, డిసెంబరు చివర నెల్లూరులో ఒక కాలేజీ ఫంక్షన్‌కి బ్రిటిష్ రాక్ బ్యాండ్ యెస్ వాళ్ల ఈ పాట ఎత్తుకున్నాం. ఉండేది రెండు గిటార్లు, బేసు, యమహా పీఎస్‌ఆర్ కీబోర్డు, డ్రమ్స్, పక్కన ఎస్‌పీడీ-20 ఆక్టోప్యాడ్. రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు ముక్క) పడుతుండాది. రానివి మూడు: మధ్యలో ఉన్నట్టుండి పడే ఆర్కెస్ట్రా ‘ఢాం’, సోలోలో గిటారు రెండు గొంతులతో పలికే సౌండు, ఆ టంగుమనే స్నేర్ (డ్రమ్ సెట్లో చిన్న డ్రమ్ము). ఇంకోటి, పాత అభిమానులు ఇది అసలు యెస్ పాటే కాదంటారు, ఏంది కథ?

ఒంగోలు_ప్యాడ్:
ఢాం మీ కీబోర్డులోనే ఉండాది తమ్ముడూ. వాయిస్ లిస్టులో ‘ఆర్కెస్ట్రా హిట్’ చూడు. జనరల్ మిడి (అన్ని కీబోర్డులకీ ఒకటే వాయిస్ నంబర్ల పద్ధతి) లెక్కలో 56, సున్నా నుంచి లెక్కపెట్టే మోడల్ అయితే 55. ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ సింథులో స్ట్రావిన్‌స్కీ ‘ఫైర్‌బర్డ్’ నుంచి కోసిన ఒక్క దెబ్బ ఉండేది. ఆ జాతి సౌండ్లు 1982, 83 పాటల్లో మొదలై మన పెళ్లి ఆర్కెస్ట్రాల దాకా వచ్చేశాయి.

అందరూ చేసే తప్పు, దాన్ని మూడు వేళ్లతో కార్డుగా (మూడు స్వరాలు ఒకేసారి) పట్టడం. ఆ ఒక్క మీటలోనే వాయిద్యాలన్నీ పేర్చి ఉంటాయి, దాని మీద కార్డు వేస్తే బురదే. ఒక్క వేలు, ‘ఏ’ మీట, గట్టిగా కొట్టి వెంటనే తీసెయ్. రివర్బ్ (గది మోత) సున్నా.

ఎస్‌పీడీ-20లోకి బయటి శాంపిల్ ఎక్కదు, దానికి ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ కావాల. కానీ దాని మిడి అవుట్ నుంచి కీబోర్డు మిడి ఇన్‌కి కేబుల్ వేస్తే ప్యాడ్‌తోనే ఢాం మోగించొచ్చు. (కీబోర్డుకి యూఎస్‌బీ ఒక్కటే ఉంటే ఇది నేరుగా కుదరదు.) ప్యాడ్ నోటు 57 (మిడి లెక్కలో ‘ఏ’ స్వరం), గేట్ టైమ్ (నోటు మోగే సేపు) తక్కువ, ఛానల్ మాత్రం 10 నుంచి మార్చు. 10లో వదిలేస్తే అది డ్రమ్స్ ఛానల్, 57కి ఢాం బదులు క్రాష్ తాళం మోగుద్ది.

స్నేర్‌ని యెస్ డ్రమ్మర్ అలన్ వైట్ బాగా ఎక్కించి, పాట శ్రుతి ‘ఏ’కి తెచ్చి వాయించాడు. ఎదురెదురు బోల్టులు పావు తిప్పు చొప్పున బిగిస్తా పో, ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకో. ఒకేపక్క బిగిస్తే రెండు శ్రుతులు పలుకుద్ది. డప్పులాగా మంట కాచే పని లేదు, ప్లాస్టిక్ తోలు కాబట్టి రాత్రి మంచుకి పెద్దగా దిగదు.

సింగరాయకొండ_తీగలు:
సోలోకి ఈ పాట గిటారిస్టు ట్రెవర్ రాబిన్ వాడింది ఎంఎక్స్‌ఆర్ పిచ్ ట్రాన్స్‌పోజర్ (శ్రుతి మార్చే పెట్టె), ఐదో స్వరానికి పెట్టి. మీ మల్టీ ఎఫెక్ట్స్‌లో పిచ్ షిఫ్టర్ తీసుకుని +7 సెమీటోన్లు, మిక్స్ సగానికి సగం. ‘హార్మొనీ’, ‘స్కేల్’ అని ఉండే తెలివైన మోడ్ వద్దు, అది స్కేల్‌ని బట్టి దూరం మారుస్తుంది. ఇక్కడ దూరం మారకపోవడమే అందం. డిస్టార్షన్ తర్వాత పెట్టు. ముందు పెడితే రెండు స్వరాలూ కలిసి నలిగి పవర్ కార్డులాగా వినపడుద్ది. పక్క తీగ పొరపాటున మోగినా షిఫ్టర్ తడబడి వణుకుద్ది, కుడి అరచేత్తో మిగతా తీగలు నొక్కిపెట్టు.

అసలు మాట వేరే ఉంది. ఈ పాట బతికేది ఖాళీల్లో. సౌండ్ సిస్టమ్ వాళ్లు అలవాటుగా ఎకో వేస్తారు, ఆ ఖాళీలన్నీ నిండిపోతాయి. తప్పదంటే టెంపో దాదాపు 125 కాబట్టి ఒక బీటు 480 మిల్లీసెకన్లు, డిలే 240 పెట్టమను, ఒక్కసారే తిరిగి రావాల. బేసు, ట్రెబుల్ లేపి మధ్య కోసేసే డీజే ఈక్వలైజర్ సెట్టింగు కూడా వద్దు, ఢాం ఉండేదే ఆ మధ్యలో.

వినైల్_వెంకటగిరి:
అభిమానుల కోపానికి కారణం ఉంది. 1973 ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ రెండు ఎల్పీలు, నాలుగే పాటలు. దానికి మూలం పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’లోని ఒక ఫుట్‌నోట్! అలాంటి బ్యాండ్ 1981లో చెదిరిపోయింది. క్రిస్ స్క్వైర్, అలన్ వైట్ కలిసి రాబిన్, టోనీ కేలతో ‘సినిమా’ అనే కొత్త బ్యాండ్ పెట్టారు. ఈ పాట రాబిన్ డెమోల్లోది. పాత గాయకుడు జాన్ ఆండర్సన్ చివర్లో వచ్చి పాడాక పేరు మళ్లీ యెస్ అయింది. నిర్మాత ట్రెవర్ హార్న్, 1980లో ఇదే బ్యాండ్‌కి గాయకుడు. ఆల్బమ్ పేరు ‘90125’, అంటే రికార్డు కేటలాగ్ నంబరే.

1984 జనవరిలో అమెరికాలో రెండు వారాలు నంబర్ 1. అంతకుముందు వాళ్లు ఎక్కిన ఎత్తు 1972లో ‘రౌండబౌట్’తో 13. సొంత దేశం బ్రిటన్‌లో మాత్రం 28 దగ్గరే ఆగింది. 2005లో మ్యాక్స్ గ్రాహమ్ రీమిక్స్ అక్కడ టాప్ 10లోకి పోయింది. యెస్ పాట కాదనడం నాకైతే ఒప్పుదల కాదు. నాలుగున్నర నిమిషాల్లో అన్ని కోతలు పెట్టి తాళం తప్పకుండా నిలబెట్టడం ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగాటి, చిక్కు కూర్పుల రాక్) బుర్రలకే చేతనవుద్ది.

కావలి_బీట్స్:
ఢాం వచ్చేసింది అన్నా! ఇప్పుడు మా సింగర్‌కి ఆండర్సన్ ఎత్తు అందట్లేదు.

సింగరాయకొండ_తీగలు:
గిటార్లు, బేసు మొత్తం ఒక స్వరం, అంటే రెండు ఫ్రెట్లు, దించి కట్టండి. వేళ్లు మారవు, రిఫ్ బరువూ పోదు. పిచ్ షిఫ్టర్ +7 అట్టనే ఉంచు.

ఒంగోలు_ప్యాడ్:
ప్యాడ్ నోటు 57 తీసి 55 పెట్టు, స్నేర్ ‘జీ’కి దించు. కీబోర్డు ట్రాన్స్‌పోజ్ కూడా తగ్గిస్తే ఒకసారి ప్యాడ్ కొట్టి చూసుకో. కొన్ని మోడల్స్‌లో అది మిడి ఇన్‌కీ వర్తించి ఢాం రెండుసార్లు దిగుద్ది.