దేశం యుద్ధానికి దిగడం ఎప్పుడు న్యాయం? 1971ని ముందుంచుకుని ఒక చర్చ

కృష్ణాతీరం:
ఏటా డిసెంబరు 16న బంగ్లాదేశ్ యుద్ధాన్ని తలచుకుంటూ, "వాళ్లే ముందు కొట్టారు కనుక మనది ధర్మయుద్ధం" అని రాయడం ఆనవాయితీ అయింది. నాకు ఈ తర్కం మింగుడుపడదు. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్, అమృత్‌సర్ స్థావరాల మీద బాంబులు వేసిన మాట నిజమే. అయితే అంతకు రెండు వారాల ముందే, నవంబరు 20, 21 తేదీల్లో, మన సైన్యం సరిహద్దు దాటి, అప్పటి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్)లోని గరీబ్‌పూర్ దగ్గర ట్యాంకులతో పోరాడింది. పాకిస్తాన్ సైన్యంతో పోరాడుతున్న బెంగాలీ గెరిల్లా దళం ముక్తివాహినికి ఆ వేసవి నుంచే మన గడ్డ మీద శిక్షణ, ఆయుధాలు అందుతున్నాయి. ఆత్మరక్షణ ఒక్కటే మన సమర్థన అయితే అది నిలబడదు. మరి వేరే సమర్థన ఏదైనా ఉందా?

విశాఖవాసి:
ఉందనే నా అభిప్రాయం. డిసెంబరు 3 దాడి చట్టం దృష్టిలో చూపించుకోవడానికి పనికొచ్చే కారణం. నీతి దృష్టిలో లెక్కకు వచ్చే కారణం అంతకు ఎనిమిది నెలల ముందు, మార్చి 25 రాత్రి పుట్టింది. 1970 డిసెంబరు ఎన్నికల్లో 300 స్థానాలకు 160 గెలుచుకున్న తూర్పు పాకిస్తాన్ బెంగాలీల పార్టీ అవామీ లీగ్‌కు అధికారం అప్పగించకపోగా, పాకిస్తాన్ సైన్యం ఆ రాత్రి ఢాకా విశ్వవిద్యాలయ వసతిగృహాల మీదికి ట్యాంకులతో వెళ్లింది. ఆ తరువాతి నెలల్లో సుమారు కోటి మంది సరిహద్దు దాటి వచ్చారు. పదిహేనున్నర లక్షల జనాభా ఉన్న త్రిపురలోకి దాదాపు ఆ రాష్ట్ర జనాభాకు సమానమైన సంఖ్యలో వచ్చి పడ్డారు. కలకత్తా శివార్లలోని సాల్ట్ లేక్‌లో, ఇంకా భూమిలో పాతని మురుగునీటి సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం పెట్టాయి. జూన్ నాటికి శిబిరాల్లో కలరా వ్యాపించింది.

"ఇది మా ఇంటి గొడవ" అని ఇస్లామాబాద్ అంటూనే ఉంది. ఇంటి గొడవలో కోటి మంది పక్కవాడి వాకిట్లో వచ్చి పడరు. వాళ్లు ప్రాణభయం లేకుండా తిరిగి వెళ్లే దారి ఇంకేదైనా మిగిలి ఉందా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. ఇందిరా గాంధీ అక్టోబరు, నవంబరు నెలల్లో లండన్, వాషింగ్టన్, పారిస్ తిరిగి అడిగారు. సానుభూతి దొరికింది, కొంత విరాళమూ దొరికింది. పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ చెయ్యి పట్టి ఆపేవాడు మాత్రం దొరకలేదు.

తిరుగుప్రశ్న:
విశాఖవాసి గారి వాదన వినసొంపుగా ఉంది కానీ ఆ ఎనిమిది నెలలను ఓర్పు అనడం నాకు అతిగా తోస్తున్నది. వానలు తగ్గి తూర్పు బెంగాల్ నేల ట్యాంకులకు గట్టిపడాలి, హిమాలయ కనుమలు మంచుతో మూసుకుని చైనా రాలేని స్థితి కలగాలి, ఆగస్టు 9 నాటి సోవియట్ ఒప్పందం అండగా ఉండాలి. ఇవన్నీ సమకూరేదాకా ఆగాం. దాన్ని ఓర్పు అంటామా, సన్నాహం అంటామా? పైగా డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో 104 దేశాలు కాల్పులు ఆపమన్నాయి, మన పక్షాన ఓటు వేసినవి 11. పొరుగువాడి దుర్మార్గానికి నేనే న్యాయమూర్తినని బలవంతుడు ప్రకటించుకునే హక్కును ఈరోజు మనకు ఇచ్చుకుంటే, రేపు ఎవరికి కాదంటాం?

విశాఖవాసి:
సన్నాహం సంగతి ఒప్పుకుంటున్నాను. యుద్ధానికి సిద్ధపడుతూనే దాన్ని తప్పించుకునే దారి మనస్ఫూర్తిగా వెతకడం అసాధ్యమేమీ కాదు గానీ, ఆ వెతుకులాట ఎంత మనస్ఫూర్తిగా సాగిందన్నది అనుమానించదగినదే. పాకిస్తాన్‌ను రెండు ముక్కలుగా చూడాలన్న కోరిక ఢిల్లీలో లేదని నేను అనను.

104 ఓట్లకు మాత్రం నేను తల వంచను. ఎనిమిది నెలలు కదలని సమితి, అడ్డుకోవడానికి ఎవరో వెళ్లాక కదిలింది. మీరన్న దుర్వినియోగ భయానికి నా దగ్గరున్న కొలబద్ద ఒక్కటే: గెలిచిన తరువాత ఏం చేశారు? 13 రోజుల్లో యుద్ధం ముగిసింది, సుమారు 93,000 మంది లొంగిపోయారు, 1972 మార్చిలో మన సైన్యం ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి వెనక్కి వచ్చేసింది. వియత్నాం 1979 జనవరిలో నోమ్ పెన్‌లో కంబోడియా నియంత పోల్ పాట్‌ను కూలదోయడం అంతే అవసరమైన పని, అయినా అక్కడ పదేళ్లు కూర్చున్నది.

న్యాయమైన యుద్ధమంటే అందులో చచ్చిన ప్రతివాడూ దోషి అని మాత్రం నేననను. డిసెంబరు 3-4 రాత్రి మా తీరంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. మనం వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్లనా, లోపలి పేలుడు వల్లనా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. అందులోని వారెవరూ బతకలేదు. ఢాకాలో తుపాకులు పేల్చినవాళ్లు వాళ్లు కారు. ఆర్.కె. బీచ్‌లో విజయస్మారకం ముందు సాయంత్రాలు ఐస్‌క్రీం తింటూ ఫొటోలు దిగే జనంలో నేనూ ఉంటాను కనుక ఇది ఎవరినో ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు.

మల్లిక:
త్వరగా వెనక్కి రావడం గొప్ప అన్నారు కదా, నా సందేహం అక్కడే. లొంగుబాటు జరిగిన రెండు రోజులకే ఢాకాలో బందీలను జనం ఎదుట బాయ్‌నెట్లతో పొడిచి చంపారు, విదేశీ విలేఖరులు ఫొటోలు తీశారు. దేశవిభజనప్పుడు తూర్పు బెంగాల్‌కు వలస వెళ్లిన ఉర్దూ మాట్లాడే బిహారీల్లో చాలామంది పౌరసత్వం కోసం 2008 నాటి బంగ్లాదేశ్ హైకోర్టు తీర్పు దాకా శిబిరాల్లోనే ఎదురుచూశారు. కోటి మందిని ఇంటికి చేర్చడానికి వెళ్లినవాళ్లకు, వెళ్లిపోయేముందు వీళ్ల బాధ్యత లేదా?

విశాఖవాసి:
ఉంది, మల్లిక గారూ. మన సైన్యం బిహారీల వాడలకు కొన్నాళ్లు కాపలా కాసింది, తరువాత ఆ పని కొత్త ప్రభుత్వానికి అప్పగించి వచ్చేసింది. నా కొలబద్దలో ఎన్నాళ్లున్నారన్నదే చూశాను, ఎవరిని ఎవరి దయకు వదిలివచ్చారన్నది చూడలేదు.