ఎండకు పెళుసుబారే ప్లాస్టిక్ సామాను: మీ అనుభవాలు

తోటపని:
ఆరుబయట ఉంచిన తెల్లటి కుర్చీలను తడిమితే చేతికి సుద్దపొడి వంటిది అంటుకుంటోంది, ఒకదాని కాలు విరిగింది కూడా. ఆ పక్కనే ఎండలో ఉన్న నల్లటి నీళ్ల ట్యాంకు మాత్రం చెక్కుచెదరలేదు. మిగిలిన కుర్చీలను కాపాడుకునే మార్గం ఉందా?

రసాయనం:
పొడి రాలుతోందంటే పైపొర అప్పటికే చెడిపోయిందన్నమాట. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌లోని పొడవైన అణుగొలుసులను తెంపుతాయి. తెగిన చోట ఆక్సిజన్ చేరి ఆ నష్టాన్ని లోలోపలికి పాకిస్తుంది, వేడి దానిని ఇంకా వేగిరపరుస్తుంది. కుర్చీలకు ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ ఈ విషయంలో పాలిథిలీన్ కంటే బలహీనమైనది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీనే. మీ ట్యాంకును కాపాడుతున్నది బహుశా అందులోని కార్బన్ బ్లాక్ అనే మసి వంటి నల్లపొడి. సుమారు 2 శాతం సమంగా కలిసినా అది కిరణాలను పైపొరలోనే పీల్చుకుంటుంది.

డేరా:
అలాగని నల్లగా ఉన్న ప్రతి వస్తువునూ నమ్మలేము, ఎందుకంటే రంగు కోసం కలిపిన నలుపు వేరు, రక్షణకు చాలినంత కలిపినది వేరు. కొనేటప్పుడు యూవీ స్టెబిలైజర్, అంటే అతినీలలోహిత కిరణాల నుంచి ప్లాస్టిక్‌ను కాపాడే పదార్థం, కలిపినట్లు రాసి ఉందో లేదో చూడడమే మేలు. నా టార్పాలిన్‌లో మొదట చిట్లేది ఎప్పుడూ ఎండ నేరుగా తగిలే మడతల దగ్గరే, కనుక పని లేనప్పుడు దానిని విప్పి నీడలో పెడతాను.

పాతసామాను:
వెలిసిన ప్లాస్టిక్‌ను హీట్ గన్‌తో కాచితే రంగు తిరిగి వస్తుందని చాలామంది చెబుతారు. రంగు వచ్చిన మాట నిజమే కానీ బలం రాలేదు, వంచగానే విరిగింది. నూనె, పాలిష్ పూసినా తెగిన గొలుసులు అతకవు.

తోటపని:
అయితే పెయింట్ వేయవచ్చా?

రసాయనం:
ఇంకా గట్టిగా ఉన్నవాటికి వేయవచ్చు. పాలీప్రొపిలీన్‌కు మామూలు పెయింట్ సరిగా అంటుకోదు కాబట్టి, పొడి అంతా కడిగి, ఆ ప్లాస్టిక్‌కు తగిన ప్రైమర్ ముందుగా పూయాలి. అంతకంటే తేలిక, వెలుతురు చొరని పరదా కప్పడం. పారదర్శకమైన షీటు కప్పితే ప్రయోజనం చాలా తక్కువ. కిటికీ అద్దం వెనుక పెట్టడమూ పూర్తి రక్షణ కాదు, పొడవైన తరంగాల అతినీలలోహిత కాంతి చాలావరకు దాని గుండా వస్తుంది.

డేరా:
కాలు విరిగిన కుర్చీ జతలోనివే మిగతావీ అయితే, వాటిమీద ఎవరినీ కూర్చోనివ్వకండి. పాలీప్రొపిలీన్ చలిలో మరింత పెళుసుగా ఉంటుంది.

తోటపని:
పొడి రాలుతున్నవాటిని పక్కన పెట్టేశాను. ఎప్పుడూ నీడలోనే ఉన్న కుర్చీలు ఇంకా నున్నగానే ఉన్నాయి, వాటికి పరదా కుట్టిస్తున్నాను.