క్రూజ్ ధరలు నిజంగా పెరిగాయా, మనకే అలా అనిపిస్తోందా?

పాతడెక్కు
అల్మరా సర్దుతుంటే మా మొదటి క్రూజ్ బిల్లు దొరికింది. 1996, కరీబియన్, 7 రాత్రులు, కిటికీ లేని లోపలి క్యాబిన్, తలకి 900 డాలర్ల పైచిలుకు. సరదాకి అదే కంపెనీ సైట్లో చూశాను, కాస్త పాత ఓడలో అదే 7 రాత్రులు ఇంచుమించు అదే ధరకి కనబడింది. దాదాపు ముప్పై ఏళ్ళలో ధర కదల్లేదంటే సంతోషించాలి కదా. కానీ కిందటేడు వెళ్ళొచ్చాక మా ఇద్దరికీ జేబు ఖాళీ అయిన ఫీలింగే మిగిలింది, ఎక్కడ ఖాళీ అయిందో మాత్రం అర్థం కాలేదు. మీ అనుభవం చెప్పండి. ధర తగ్గినట్టా, పెరిగినట్టా?

లెక్కల_మాస్టారు
తగ్గినట్టే, అందులో అనుమానం లేదు. అమెరికా ధరల సూచీ చూడండి. 1996లో 1 డాలరుకి వచ్చిన వస్తువు 2024లో 2 డాలర్లు. అంటే మీ 900 ఇప్పటి లెక్కలో 1,800. ఇంకా 900కే దొరుకుతోందంటే సగానికి సగం పడిపోయినట్టు.

ఎలా కుదిరిందంటే ఓడలు పెద్దవయ్యాయి. 1988లో సావరిన్ ఆఫ్ ద సీస్ వచ్చినప్పుడు 73,000 టన్నులని అందరూ నోరెళ్ళబెట్టారు. 2009లో ఓయాసిస్ ఆఫ్ ద సీస్ 2,25,000. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ 2,48,000 పైన, పడకలన్నీ నిండితే 7,600 మంది. ఓడ ఎంత పెద్దదైనా కెప్టెన్ ఒక్కడే కదా. ఇంధనం, సిబ్బంది, ఓడ మీద తెచ్చిన అప్పు, అన్నీ ఎక్కువ తలల మీద పంచుకుంటే తలకి పడేది తగ్గుతుంది. ఇది వ్యాపారం, మోసం కాదు.

కెరటం
చిన్న సవరణ. ఆ టన్నులు ఓడ బరువు కాదు, లోపలి జాగా కొలత. ఇంతే, మీరు కానివ్వండి.

చారాణా_కోడి
మాస్టారూ, టికెట్ ఒక్కటే ముందు పెట్టుకుని లెక్క కడితే ఎలా? చారాణా కోడికి బారాణా మసాలా అని ఊరికే అన్నారా. టికెట్ కోడి మాత్రమే, మసాలా అంతా ఎక్కాక. వైఫై వేరే. మందు ప్యాకేజీ వేరే, దాని మీద మళ్ళీ సర్వీస్ ఛార్జి, పైగా క్యాబిన్లో ఒక పెద్దమనిషి కొంటే రెండో పెద్దమనిషీ కొనాలట, నా భార్య చుక్క ముట్టదు, అయినా రెండు కొన్నాను. బాగుండే రెస్టారెంట్లన్నీ వేరే. రూముకి తిండి తెప్పించుకుంటే 8 డాలర్లు, అది మొన్నమొన్నటి దాకా ఉచితం. అర్ధరాత్రి బఫే చాలా ఓడల్లో ఎత్తేశారు. అన్నిటికీ మించి టిప్పు. 2000 ప్రాంతంలో రోజుకి తలకి 10 డాలర్లు ఉండేది, ఇప్పుడు 18, 20. ఇద్దరికి వారానికి 250 దాటుతుంది. దీన్ని సగం ధర అంటారా?

కెరటం
అర్ధరాత్రి బఫేలో ఐసుతో చెక్కిన హంస ఉండేది. ఆ హంస కోసమే మేలుకునేవాళ్ళం.

లెక్కల_మాస్టారు
టిప్పు సంగతి మీరే తెచ్చారు కాబట్టి చెప్తున్నా. 2000లో 10 డాలర్లంటే ఇప్పుడు 18. మీరు చెప్పిన అంకెలే. కాబట్టి మీరు పెరిగిందని గొంతు చించుకుంటున్న టిప్పు అసలు పెరగనే లేదు.

చారాణా_కోడి
టిప్పు అంటే ఏంటి మాస్టారూ? నాకు నచ్చి, నా చేత్తో, నేనిచ్చేది. పాతరోజుల్లో ఆఖరి రాత్రి కవర్లో పెట్టి వెయిటర్ చేతికిచ్చేవాళ్ళం, అతను నవ్వేవాడు, మనకీ తృప్తి. ఇప్పుడు ఎక్కిన మొదటి రోజు నుంచే ఖాతాలో పడిపోతుంటుంది. నా ఇష్టమైనదానికి ధరల సూచీ ఏంటి అసలు? మీ ఇంటికొచ్చిన చుట్టం కూడా సూచీ ప్రకారం కానుక తేవాలా?

లెక్కల_మాస్టారు
ప్రశ్న ధర పెరిగిందా అని. ఇష్టమా కష్టమా అని కాదు.

చారాణా_కోడి
ఇష్టమైనది ధరలోకి రాదు అంటున్నా. వస్తే టికెట్లోనే కలిపేయమనండి. కలపరు. కలిపితే మీ 900 ఎగిరిపోతుంది.

లెక్కల_మాస్టారు
రాదంటే దాన్ని మీ బారాణా మసాలాలో ఎందుకు కలిపారు మరి? రెండు పడవల మీద కాళ్ళు పెట్టకండి.

కెరటం
రెండు ఓడల మీద :)

రేవు_పక్షి
టిప్పు కాసేపు పక్కన పెడితే, పోర్టు ఫీజులు, పన్నులు కూడా ఇంతకుముందు ఆఖరి పేజీలోనే కనబడేవి. 2024 జులై నుంచి కాలిఫోర్నియాలో చూపించే ధరలో అన్ని ఫీజులూ కలిసి ఉండాలని చట్టం వచ్చింది, ఆ దెబ్బకి పెద్ద కంపెనీలు అమెరికా మొత్తానికీ అలాగే మార్చేశాయి. అప్పుడు చాలామంది ధర ఒక్కసారిగా పెరిగిందనుకున్నారు. పెరగలేదు, దాక్కున్నది బయటికొచ్చింది. టిప్పు మాత్రం ఇంకా దాక్కునే ఉంది.

నా గోల వేరే. నేను బుక్ చేసిన పది రోజులకి అదే క్యాబిన్ 120 డాలర్లు తగ్గింది. ఫోన్ చేస్తే చివరి వాయిదా కట్టేశారు కాబట్టి ఏమీ చేయలేమన్నారు. పూటకో ధర పెట్టేవాళ్ళ దగ్గర "అప్పటి ధర, ఇప్పటి ధర" అని పోల్చడమే దండగ. అదే ఓడలో అదే వరసలో పక్క క్యాబిన్ వాడు ఎంత కట్టాడో మనకి తెలియదు.

ఒంటరి_నావ
మీరంతా సగం ధర, పూర్తి ధర అని కొట్టుకుంటున్నారు. నాకు ఎప్పుడూ రెట్టింపే. మా ఆయన పోయాక కూడా ప్రయాణాలు మానలేదు, ఒక్కదాన్నే వెళ్తున్నాను, ప్రతిసారీ లేని మనిషికి కూడా టికెట్ కొంటున్నాను. 2010లో నార్వేజియన్ క్రూజ్ కంపెనీ ఓడ ఎపిక్‌లో ఒంటరిగా వచ్చేవాళ్ళ కోసం 128 చిన్న క్యాబిన్లు కట్టారని చదివి ఎంత సంబరపడ్డానో. ఇప్పుడు అలాంటివి వేరే ఓడల్లోనూ వచ్చాయి గానీ ధర చూస్తే చాలాసార్లు ఇద్దరి క్యాబిన్‌కి దగ్గర్లోనే ఉంటోంది. దీని గురించి ఎవరైనా మాట్లాడండి.

సర్వీసుమెట్లు
నేను ఓడల్లో ఆరేళ్ళు క్యాబిన్లు శుభ్రం చేశాను. కంపెనీ పేరు చెప్పను. టిప్పు గురించి ఇంత రాశారు కాబట్టి నేనూ ఒక మాట.

ఒక్కో కాంట్రాక్టు ఎనిమిది నెలలు. అన్నాళ్ళూ ఒక్క రోజు పూర్తి సెలవు ఉండదు, వారానికి ఏడు రోజులూ పనే. చేతికొచ్చే జీతంలో ఎక్కువ భాగం మీరు టిప్పు అంటున్న ఆ డబ్బే. చారాణా కోడి గారు, మీ కవరు రోజులు నేనూ విన్నాను, పాతవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ కవరు వెయిటర్‌కి, క్యాబిన్ మనిషికి అందేది. మీ కంట పడకుండా కింద గిన్నెలు కడిగేవాడికి, దుప్పట్లు ఉతికేవాడికి ఎవరు కవరు పెట్టారు? ఆఖరి రోజు రిసెప్షన్ దగ్గర లైను కట్టి ఆ 18 డాలర్లు తీసేయమని అడిగేవాళ్ళని చూశాను. పొద్దున్నే వాళ్ళే నన్ను పేరు పెట్టి పిలిచి "నువ్వు మా ఇంటిమనిషివి" అనేవాళ్ళు.

చారాణా_కోడి
నేనెప్పుడూ తీయించలేదు. ఆ మాట నా మీద వేయకండి. మీ జీతం ఇవ్వాల్సింది మీ కంపెనీ, దాన్ని నా మంచితనం మీదికి తోసి టికెట్ చవక అని బోర్డు పెట్టుకుంటున్నారు, నేనంటున్నదీ అదే. మీరూ నేనూ ఒకే వైపు ఉన్నాం.

లెక్కల_మాస్టారు
అందరూ కంపెనీల్ని తిట్టడమే. 2020 మార్చి నుంచి ఏడాదికి పైగా అమెరికా రేవుల నుంచి క్రూజ్ ఓడ కదల్లేదు. కదలని ఓడకీ ఖర్చుంటుంది. కార్నివాల్ గ్రూపు అప్పు 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఆ వడ్డీ ఎవరు కట్టాలి? అయినా జనం తగ్గారా? 2019లో ప్రపంచమంతా కలిపి 2.97 కోట్ల మంది క్రూజ్ ఎక్కితే 2024లో 3.46 కోట్ల మంది ఎక్కారు. విలువ పడిపోతే ఇంతమంది ఎందుకు ఎగబడతారు?

చారాణా_కోడి
ఎగబడేది ప్రకటన చూసి, ఏడ్చేది బిల్లు చూసి. అయినా మాస్టారూ, ఇంతగా వెనకేసుకొస్తున్నారు, షేర్లేమైనా కొన్నారా? టిప్పు పెరగలేదంటారు, వడ్డీ మనం కట్టాలంటారు, ఎవరి జీతం తింటున్నారు మీరు?

లెక్కల_మాస్టారు
ఇప్పుడు అసలు రంగు బయటపడింది. అంకెలకి జవాబు లేనప్పుడు మనిషి మీద పడటం. నాకే కంపెనీలోనూ ఒక్క షేరు లేదు. నాకున్నదల్లా ఒక్క ఫోటో. మా నాన్న జీవితమంతా చిన్న ఉద్యోగం చేసి ఏనాడూ సముద్రం మీద అడుగుపెట్టలేదు. సీజన్ కాని రోజుల్లో అతి చవగ్గా దొరికిన లోపలి క్యాబిన్ టికెట్లతో నలుగురం ఒకే గదిలో ఇరుక్కుని వెళ్ళాం, మూడో మనిషికి నాలుగో మనిషికి ఇంకా తక్కువ పడింది. వైఫై కొనలేదు, ప్యాకేజీ కొనలేదు, ఉచిత బఫేలోనే తిన్నాం. టిప్పు మాత్రం కట్టాం. పొద్దున ఐదింటికి ఆయన రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ ఫోటో అది. 1996 నాటి ధరలే సూచీతో పాటు పెరిగి ఉంటే ఆ ఫోటో లేదు. మీరు పోయిందంటున్న ఐసు హంసని మేమెప్పుడూ చూడలేదండీ, చూసే స్థితిలో లేము.

కెరటం
హంస మాట నాది, కోడి గారిది కాదు. క్షమించండి మాస్టారూ.

పాతడెక్కు
ఈ చర్చ మొదలుపెట్టింది నేను కాబట్టి, రెండు రోజులు ఆలోచించాక, నాకు ఎక్కడ గుచ్చుకుందో ఇప్పుడు చెప్తాను. బిల్లు కాదు.

1996లో భోజనాల దగ్గర మమ్మల్ని ఎనిమిది మంది బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మాది ఓడలో అట్టడుగు క్యాబిన్. ఎదురుగా కూర్చున్న ముసలి దంపతులది పై డెక్కులో పెద్ద సూట్ గది అని నాలుగో రోజు దాకా తెలియదు. ఒకే గది, ఒకే వంట. కిందటేడు ఓడలో ముందుభాగం వైపు నడుచుకుంటూ వెళ్తే గాజు తలుపు అడ్డం వచ్చింది. కార్డు పెడితే ఎర్రలైటు. అవతల వాళ్ళకి వేరే ఈతకొలను, వేరే భోజనశాల, లిఫ్టు కూడా వాళ్ళ కార్డుకి ముందు వస్తుంది. ఎమ్‌ఎస్‌సి వాళ్ళు 2008లో ఫాంటాజియా ఓడలో యాట్ క్లబ్ అని ఇలాంటిదే పెట్టారు, నార్వేజియన్‌లో హేవెన్ అంటారు, ఇంకా చాలామంది దగ్గర ఏదో పేరుతో ఉంది. అంటే ఓడలో ఓడ. గాజు అవతల ఒకాయన నన్ను చూసి మర్యాదగా తల వంచాడు. ఆ తల వంచడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

లెక్కల_మాస్టారు
మీ బాధ అర్థమైంది, మీ మీద గౌరవం ఉంది. కానీ ఆ తలుపు వెనక ఉన్నాయన నాకంటే ఎన్నో రెట్లు కడుతున్నాడు. అతను కట్టబట్టే మా నాన్నకి లోపలి క్యాబిన్ ఆ ధరకి వచ్చింది. మీరు చెప్పే ఎనిమిది మంది బల్ల ఉందే, దాని చుట్టూ సమానత్వమే, కాదనను. కానీ ఆ బల్ల దాకా రాగలిగినవాళ్ళ మధ్యే. మేము అప్పుడు రేవులో కూడా లేము. ఒక గాజు తలుపు పెట్టి ఇంకో తలుపు తెరిచారు. నేను ఆ రెండో తలుపులోంచి వచ్చినవాణ్ణి.

పాతడెక్కు
వచ్చారు, మంచిదే. కానీ వచ్చినవాళ్ళని ఓడ వెనకభాగంలో ఉంచి, కదిలిన ప్రతిసారీ బిల్లు వేస్తుంటే, అది కూడా మీకు చూపించిన దయ అనుకోమంటున్నారు చూశారా, అక్కడ నేను ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు
దయ అని నేననలేదు.

రేవు_పక్షి
ఇంకోటి మర్చిపోయారు, దీవులు. ఇదివరకు ఊరి రేవులో ఆగేవాళ్ళం, ఇప్పుడు కంపెనీ సొంత దీవిలో ఆపి అక్కడా వాటర్‌పార్కుకి టికెట్ అమ్ముతున్నారు.

కెరటం
సొంత దీవులు కొత్తేం కాదు పక్షి గారూ, 1977లోనే నార్వేజియన్ వాళ్ళు బహామాస్‌లో గ్రేట్ స్టిరప్ కే అనే దీవిని వాడటం మొదలుపెట్టారు. కాకపోతే అప్పుడు ఇసకా కొబ్బరిచెట్లే, టికెట్ పెట్టడానికి ఏమీ లేదు.

చారాణా_కోడి
మాస్టారూ, షేర్ల మాట వెనక్కి తీసుకుంటున్నా. మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. కానీ టిప్పు మాత్రం టికెట్లో కలపాల్సిందే, దాని మీద తగ్గను.

లెక్కల_మాస్టారు
కలిపితే నాకూ అభ్యంతరం లేదు. ఈ మాట మొదటి రోజే చెప్పుంటే సరిపోయేది.

సర్వీసుమెట్లు
కలిపితే అది మా దాకా వస్తుందని కాగితం మీద రాయించండి. అప్పుడు కలపండి.

ఒంటరి_నావ
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, అలవాటే. సెప్టెంబర్లో ఓడకి బుక్ చేశాను. ఒక్క మనిషికి ఇద్దరి టికెట్. టిప్పు మాత్రం ఒక్కరిదే వేశారు.

కెరటం
అమ్మా, ఆ మాట ఎత్తకండి, దండం పెడతాను.

చారాణా_కోడి
ఒక్కరిదా? 18 వేశారా, 20 వేశారా?