మణికట్టు కీలు ముక్కలైతే ప్లేటా, పిండికట్టా?

వేకువచుక్క:
అమ్మకు 68 ఏళ్లు. జారిపడుతూ అరచేయి ఆనించడంతో కుడి మణికట్టు విరిగింది. ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక చివర నాలుగు ముక్కలైందని, పగులు కీలులోకి పోయిందని సీటీ స్కాన్‌లో తేలింది. ఒక డాక్టరు ఆపరేషన్ చేసి లోహపు ప్లేటు వేద్దామంటున్నారు. ఇంకొకరు ఎముక సరిచేసి పిండికట్టు వేస్తే చాలంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఉలిచప్పుడు:
ప్లేటే వేయించండి. కీలు ఉపరితలంలో 2 మిల్లీమీటర్ల మెట్టు, అంటే ముక్కల మధ్య ఎత్తుపల్లం, మిగిలితే అరుగుదల తప్పదు. 1986లో నిర్క్, జూపిటర్ అనే డాక్టర్లు తేల్చింది ఇదే. ఎంత చిన్న మెట్టైనా మిగిలిన మణికట్లలో 91 శాతం, సమంగా అతికినవాటిలో 11 శాతం అరిగాయి. పిండికట్టు బయటినుంచి పట్టి ఉంచుతుందే తప్ప లోపల కుంగిన ముక్కను పైకి లేపలేదు.

జమ్మికొమ్మ:
ఆ లెక్కలు సగటున ముప్పై ఏళ్లు కూడా లేనివాళ్లవి. పైగా అవి ఎక్స్‌రేలో కనిపించిన అరుగుదల లెక్కలు. 2011లో ఆస్ట్రియావాళ్లు 65 ఏళ్లు, ఆపై వయసువారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ప్లేటు, ఇంకో జట్టుకు కట్టు వేసి చూశారు. ఏడాది తిరిగేసరికి మణికట్టు కదలికలోనూ రోజువారీ పనుల్లోనూ తేడా లేదు. ప్లేటువాళ్లకు చేతి పట్టు బలం ఎక్కువ, ఇబ్బందులూ ఎక్కువే.

మా అమ్మకు వేసిన ప్లేటు కీలు అంచు దాకా వెళ్లి పొడుచుకొచ్చింది. బొటనవేలిని వంచే స్నాయువు దానికి ఒరుసుకుని ఒరుసుకుని తెగింది. జాకెట్టు హుక్కు పెట్టుకోబోతే వేలి కొస వంగలేదు. అంతకుముందు నుంచే వేలు కదిపితే లోపల కరకరమంటోందని మొత్తుకుంది. "ఎక్స్‌రే బాగుంది" అని పంపేశారు.

ఉలిచప్పుడు:
అది ప్లేటు పెట్టిన చోటు తప్పు. దానికి ప్లేటునే వద్దంటే ఎలా?

తూనీగ:
చర్మం మీంచి గుచ్చి ముక్కలను పట్టి ఉంచే లోహపు పిన్నులూ ఒక దారే కదా. 2014 బ్రిటన్ పరిశోధనలో 461 మందిని చూస్తే ఏడాదికి ప్లేటుకూ పిన్నులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఉలిచప్పుడు:
కోయకుండా కీలు ఉపరితలం సర్దుకోని కేసులను అందులో చేర్చనే లేదు. ఇక్కడ మెట్టు ఎంతుందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. 2 దాటిందా, లేదా?

జమ్మికొమ్మ:
మెట్టు, మెట్టు! ఆ చేతికి ఒక మనిషి ఉన్నారని గుర్తుందా మీకు? మా అమ్మ నోరు మూయించింది ఆ ఎక్స్‌రేనే.

ఉలిచప్పుడు:
నా మాట వినిపించింది కూడా ఆ ఎక్స్‌రేనే. నేను వడ్రంగిని. మణికట్టు విరిగితే కట్టుతో సరిపెట్టారు, వంకరగా అతికింది. ఉలి పట్టలేకపోతున్నానంటే "అలవాటైపోతుంది" అన్నారు. చివరికి చిత్రంలో మెట్టు కొలిచి చూపించాకే నమ్మారు. అందుకే కొలవమంటున్నాను. వయసు చూసి "ఈ చేయి చాలులే" అనేవాళ్ల ముందు నొప్పి అన్న మాట నిలవదు. 65 దాటితే చేతికి పని లేదా?

జమ్మికొమ్మ:
ఉంది. అది ఏ పనో ఆవిడను అడగమంటున్నాను. వేకువచుక్క గారూ, మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా?

వేకువచుక్క:
ఇప్పుడే అడిగాను. చేతికర్ర పట్టేది, నేలమీంచి లేచేటప్పుడు ఆనించేది ఆ చేతినేనట. ఆపరేషన్‌కు భయం లేదు, కర్ర జారితేనే భయం అంది. ప్లేటు వైపే మొగ్గుతోంది. రేపు డాక్టరుకు ఈ మాట ఆమె నోటితోనే చెప్పిస్తాను.

జమ్మికొమ్మ:
అయితే ప్లేటు అంచు ఎక్కడిదాకా వస్తుందో ముందే అడగండి. తర్వాత బొటనవేలు కరకరమంటే ఎక్స్‌రే బాగుందన్నా ఊరుకోకండి. ఏది చేయించినా వేళ్లు మొదటి రోజు నుంచే కదిలించాలి, లేకపోతే బిగుసుకుపోతాయి.

ఉలిచప్పుడు:
ఒకవేళ కట్టుకే ఒప్పుకుంటే మొదటి రెండు మూడు వారాలు వారం వారం ఎక్స్‌రే తీయించండి. ముక్క జారితే అప్పుడే తెలియాలి. ఎముక అతికాక తెలిస్తే మళ్లీ కోసి సరిచేయాల్సి వస్తుంది. మెట్టు ఎంతో మాత్రం రేపు తప్పక అడగండి.