మెరుపు వస్తే చాలా? సిలికాన్ కార్బైడు రింగులను అరగదీసే పద్ధతిపై వాదం

రాయగడ ఫిట్టరు:
పంపుల మెకానికల్ సీళ్లలో (తిరిగే షాఫ్టు పక్కనుంచి ద్రవం కారకుండా ఆపే భాగాలు) ఉండే సిలికాన్ కార్బైడు రింగు ముఖం అరిగినప్పుడు, ముతక రేణువుల డైమండ్ వీలుతో గబగబా తీసేసి ల్యాపింగులో (చదునైన పలక మీద సన్నని పొడితో రుద్దడం) నునుపు చేస్తే సరిపోతుందా, మొదటి నుంచీ సన్న రేణువుల వీలుతో నిదానంగా తీయాలా అన్నది మా షాపులో తెగని వాదం. నా ఓటు మొదటి పద్ధతికే. 120 గ్రిట్ (ఈ అంకె పెరిగిన కొద్దీ రేణువు సన్నదని అర్థం) వీలు అరగంటలో ముగించే పనికి 400 గ్రిట్ వీలు పూటంతా తీసుకుంటుంది. పైగా ల్యాపింగు ఎలాగూ తప్పదు.

జయపురం గ్రైండరు:
ఆ "ఎలాగూ తప్పదు"లోనే చిక్కుంది. వజ్రపు రేణువు పెళుసు పదార్థం మీద నడిచినప్పుడు పైకి కనిపించే గీతతో పాటు దాని అడుగున పగుళ్లు కూడా దిగుతాయి, రేణువు ముతకదైన కొద్దీ అవి లోతుగా పోతాయి. ల్యాపింగు గీతను చెరిపేస్తుంది గానీ, పగులు మొదలంటా పోయిందో లేదో మెరుపును చూసి చెప్పలేము. నిరుడు వానల్లో, బయట చేయించిన రింగు ఒకటి మా దగ్గరకు వచ్చింది. ఆప్టికల్ ఫ్లాటు (చదును కొలిచే గాజు బిళ్ల) కింద హీలియం వెలుగులో రెండే పట్టీలు, అంటే చదునులో తేడా సుమారు 0.6 మైక్రాను (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యో వంతు), అద్దంలా ఉంది. ఎర్ర పెనెట్రెంటు (పగుళ్లలోకి ఇంకే రంగు) పూసి, తుడిచి, ఆ రంగును పైకి లాగే డెవలపరు చల్లాక లోపలి అంచు వెంట వెంట్రుకల్లాంటి గీతలు ఒక్కొక్కటిగా పైకి తేలాయి.

బరంపురం మెషినిస్టు:
1991లో బిఫానో, డౌ, స్కాటర్‌గుడ్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రంలో కాఠిన్యం, స్థితిస్థాపకత, పగులును తట్టుకునే గుణం వేసి లెక్క కడితే, సిలికాన్ కార్బైడు పగలకుండా తెగే మందం దాదాపు 0.05 మైక్రాను వస్తుంది. మా సర్ఫేస్ గ్రైండరు హ్యాండ్‌వీలును ఒక్క గీత తిప్పితేనే వీలు 5 మైక్రాన్లు దిగుతుంది! ఇక ఈ వాదం దేనికండీ?

జయపురం గ్రైండరు:
ఆ లెక్క హ్యాండ్‌వీలు దింపే లోతుకు కాదండీ, ఒక్కో రేణువు తీసే పొర మందానికి. టేబులు వేగం తగ్గించినా, రేణువులు ఒత్తుగా ఉన్న సన్న వీలు వేసినా ఆ పొర పలచబడుతుంది. అయినా మన పాత స్పిండిళ్లతో 0.05 అందదని ఒప్పుకుంటాను. అందుకే పగులే రాకూడదని నేను అనడం లేదు. 120తోనే మొదలుపెట్టండి, చివరి కొన్ని పదుల మైక్రాన్లు మాత్రం 400కు వదిలి, ఆ తరువాతే ల్యాపింగుకు పంపండి.

రాయగడ ఫిట్టరు:
400 వీలు ఊరికే గ్లేజు అవుతుంది, అంటే మొద్దుబారి నున్నబడుతుంది. అప్పుడది కోయడం మాని రుద్దుతుంది, రింగు వేడెక్కుతుంది. మా కుర్రవాళ్లకు చప్పుడు మారేదాకా ఆ సంగతే తెలియదు.

జయపురం గ్రైండరు:
చప్పుడు మారిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. తెల్ల అల్యూమినా స్టిక్కును తడిపి, ప్రతి రింగుకూ ముందు వీలుకు పట్టించండి. రేణువులను పట్టి ఉంచే బాండు కాస్త అరిగి కొత్త రేణువులు తేలతాయి. రెజిన్ బాండు ఇందుకు సులువుగా లొంగుతుంది, మెటల్ బాండు మొండికేస్తుంది.

రాయగడ ఫిట్టరు:
పనికిరాని రింగు ఒకటి పక్కన పెట్టాను. ఒక ముఖం మీ పద్ధతిలో, రెండోది నా పద్ధతిలో చేసి, రెండింటికీ పెనెట్రెంటు వేసి ఫోటోలు పెడతాను. గ్రైండరు మీద పనిముక్కను పట్టి ఉంచే అయస్కాంతపు చక్కుకు ఈ రింగు అంటదు కాబట్టి మైనంతో ఇనుప పలకకు అతికిస్తున్నాము. ఒక పక్కకు వాలకుండా మీరెలా చూస్తారు?

జయపురం గ్రైండరు:
పలకను వేడి చేసి, మైనం పలచగా కరిగాక రింగును పెట్టి, పైన బరువుంచి చల్లారనివ్వండి. మైనం మందంగా ఉంటేనే వాలుతుంది.